సీసం లేని ఉత్తరం

రాజధాని నుంచి వచ్చిన ముసలాయన అందించిన ఉత్తరానికి దారం ఉంది, సీసపు ముద్ర లేదు.

"ముద్రేదీ?" అన్నాడు తోర్నిక్.

వాగు దాటుతుంటే కంచరగాడిద బెదిరి నీళ్ళలో పడేసిందనీ, సంచీ అయితే దొరికింది గానీ ముద్ర ఊడి ఎటో కొట్టుకుపోయిందనీ ముసలాయన చెప్పుకొచ్చాడు.

తోర్నిక్ ఆ కనుమ కోటలో ముద్రలు పరీక్షించే గుమాస్తా. ఆర్మేనియా కొండల్లోకి చక్రవర్తి పంపే ఏ ఆజ్ఞ అయినా అతను చూశాకే ముందుకు కదలాలి. కావలివాళ్ళు ఏడాదికోసారి మారతారు. అతను మాత్రం తొమ్మిదేళ్ళుగా అక్కడే పడి ఉన్నాడు.

తల్లి లేని కూతురు మేనత్త దగ్గర పెరుగుతోంది. నాన్నకి గడ్డం ఉంటుందా అని అడుగుతోందట. ఇంటికి పంపండి మహాప్రభో అని పాపం ఏటా అర్జీ పెట్టుకుంటూనే ఉన్నాడు. ఉలుకూ పలుకూ లేదు.

"పోనీ, ఇందులో ఏముందో నోటితో చెబుతాను, విను బాబూ."

"వద్దు పెద్దాయనా. ముద్ర లేని ఆజ్ఞ వినడం కూడా నేరమే. నా ముందున్నాయన ఇలాగే నమ్మితే కళ్ళు పొడిచేశారు."

ముసలాయన వాదించలేదు. గదంతా కలయజూశాడు. పొయ్యి పొగ చిమ్ముతుందా, చలికాలంలో కట్టెలు సరిపోతాయా అని ఆరా తీశాడు.

"ఒక్కడివే ఎలా ఉంటున్నావయ్యా ఇక్కడ?"

తొమ్మిదేళ్ళలో ఆ మాట అడిగిన మనిషి లేడు. తోర్నిక్ మొహం తిప్పుకుని పొయ్యిలోకి కట్టె తోశాడు.

అది చూసి ముసలాయన మళ్ళీ నోరు తెరవబోయాడు. తోర్నిక్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"సరేలే, కొత్త ముద్ర వేయించుకొస్తాను" అని ముసలాయన లేచాడు.

ముద్ర లేని ఉత్తరంతో వచ్చినవాణ్ణి కోటలో ఉంచుకోకూడదు. తోర్నిక్ రొట్టె, గుప్పెడు ఎండు ద్రాక్ష మూటగట్టి ఇచ్చి పంపాడు. మలుపు తిరిగేదాకా గోడ మీద నిలబడి చూశాడు. ఎవరో అయినవాళ్ళు వెళ్ళిపోతున్నట్టు దిగులేసింది.

మూడో రోజు మంచు పడి కనుమ మూసుకుపోయింది.

మంచు కరిగాక రాజధాని నుంచి వార్తాహరుడు వచ్చాడు. తోర్నిక్‌ని చూసి తెల్లబోయాడు.

"మీరింకా ఇక్కడే ఉన్నారేంటండీ? మీ అర్జీ మంజూరై ఆరు నెలలైంది కదా."

ముద్ర లేని ఉత్తరంతో వచ్చిన ముసలాయన్ని వెనక్కి పంపేశానని తోర్నిక్ చెప్పాడు. ఆయనెవరో అడక్కుండానే వార్తాహరుడు చెప్పాడు. ఆ ముసలాయన తిరిగి రాజధానికి చేరనే లేదట.

"తొమ్మిదేళ్ళుగా మీ అర్జీలన్నీ చదివింది ఆయనేనండీ. ఈ కొండకి రావడానికి ఇంకెవరూ ఒప్పుకోకపోతే, నాకెవరూ లేరు, అతని చోట నేనుంటానని తనే అడిగి బయల్దేరాడు."