చీకట్లో పట్టుకున్న చెయ్యి

"సార్, ఈ గౌను ఏసుకోండ్రి. జర సేపట్ల లోపలికి పిలుస్తరు," అని నర్సు వెళ్లిపోయింది.

పానకాలరావు గౌను కుర్చీలో పడేసి కిటికీ దాకా వెళ్లొచ్చాడు. "పదమ్మా, ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చలకి నాకోసం చూస్తుంటారు."

"ఎండోస్కోపీ పెట్టుకుని చర్చలేంటి నాన్నా? కూర్చో," అంది కూతురు హరిణి.

"పైత్యనాళంలో క్యాన్సరని తేలిపోయిందిగా. మళ్లీ ముక్క తియ్యడం దేనికి?"

"అప్పుడు తీసింది జన్యు పరీక్షకి చాల్లేదట. అది చేస్తేనే నీకు ఏ మందు పనిచేస్తుందో తెలిసేది."

జన్యు పరీక్ష అనగానే ఆయన గుండెల్లో రాయి పడింది. సినిమాలకి మాటలు రాసి జుట్టు నెరిసినవాడు. రక్తపరీక్షలో కన్నబిడ్డ కాదని బయటపడే సీను ఆయన ఎన్ని సినిమాలకి రాశాడో! హరిణిని పొత్తిళ్లలో ఉండగా దత్తత తెచ్చుకున్న సంగతి మాత్రం ఇన్నేళ్లూ ఆమె చెవిన పడనివ్వలేదు.

"నాకే పరీక్షా వద్దు," అంటూ చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

హరిణి ఆయన భుజం పట్టి ఆపింది. "పరీక్ష నీ కణితికి నాన్నా. నా రక్తం ఎవరూ అడగరు."

పానకాలరావు కుర్చీలో కూలబడ్డాడు.

"నీకు... ఎవరు చెప్పారమ్మా?"

"నువ్వే. సినిమా హాల్లో కన్నబిడ్డ కాదని తేలే సీను వచ్చినప్పుడల్లా, చీకట్లో నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకునేవాడివి."