పాటలో ఏడుపు

“ఈ ఏడుపు విను అవ్వా. బాగేపల్లి బస్సులో ఇది వినే నేను ఈ ర్యాప్ టీమ్‌కి ఫ్యాన్ అయిపోయినా,” అంటూ సుమ ఫోను కెంపమ్మ చెవి దగ్గర పెట్టింది.

దడదడలాడే దరువు నడుమ ఎవరో ఆడమనిషి గుండెలవిసేలా ఏడుస్తోంది. ఎన్నిసార్లు విన్నా సుమకు ఒళ్ళు జలదరిస్తుంది.

చెనిక్కాయలు ఒలుస్తున్న కెంపమ్మ చేతులు ఆగిపోయాయి.

“ఇది నేనే కదమ్మీ! మీ తాత పాడె ఎత్తేటప్పుడు ఏడ్చింది.”

“నువ్వా?”

“రాలేనోళ్ళు చూస్తారని మీ మామ ఫోన్లో పట్టినాడు. నీకూ పంపినాడంట కదా?”

పంపాడు. పరీక్షలని హాస్టల్లోనే ఉండిపోయిన సుమకు దాన్ని తెరిచే ధైర్యం లేకపోయింది. అది ఎన్ని చేతులు మారి ఈ పాటలో చేరిందో ఇప్పుడు ఎవరిని అడగాలి?

“తీసేయమని చెప్పు ఆ పిల్లోళ్ళకు.”

“చెప్తా. అయినా అందరి ఫోన్లలోకీ పోయింది అవ్వా. పెండ్లి ఊరేగింపుల్లో కూడా ఏసుకోని ఎగురుతాండారు.”

కెంపమ్మ చెనిక్కాయల చేట పక్కకు జరిపింది.

“అయితే ఇంగోసారి పెట్టు. పెండ్లయినాక మీ తాత పేరు నా నోట్లోనుంచి వచ్చింది ఆ పొద్దు ఒక్కసారే. అదన్నా ఉంచినారేమో చూద్దాం.”

సుమకు ఆ పాట కంఠతా వచ్చు. అందులో ఏ పేరూ లేదు. అయినా పెట్టింది. ఏడుపు పైపైకి లేచి, పుటుక్కున తెగిపోయింది. దరువు అందుకుంది.

సుమ ఆపబోయింది. కెంపమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

“ఉండమ్మీ. ఇప్పుడొస్తాది.”