తొంభై ఏడు దగ్గర

“సంతకం పెడితే వెళ్లిపోతాను సార్,” అంది అమ్మాయి.

లెక్కలు మానేసి చరిత్రకు మారతానని దరఖాస్తు. దానికి గుచ్చి మొన్నటి రెండు పరీక్షల కాగితాలు. లెక్కల మాస్టారు పెన్ను తీసి, మొదటి కాగితంలో తాను కొట్టిన ఎర్ర ఇంటూ మార్కు దగ్గర ఆగారు.

ప్రశ్న: 1000001 దేనితోనైనా శేషం లేకుండా పోతుందా, లేక ప్రధాన సంఖ్యా?

ఆమె జవాబు: పోతుంది. 101 × 9901.

ఆయన అక్కడే గుణించి చూశారు. సరిపోయింది.

“నీదే రైటు తల్లీ. రెండు, మూడు, అయిదు, అలా ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించుకుంటూ వచ్చాను. తొంభై ఏడు దాకా దేనితోనూ పోలేదు. ఇంకేం పోతుందిలే అని ఆపేశాను.”

అమ్మాయి ఫక్కున నవ్వింది. “తర్వాతది నూటొకటే కద సార్!”

“అప్పుడే వచ్చి అడక్కపోయావా?”

“మీరే తప్పంటే ఇంకేం అడుగుతాను? మళ్లీ గుణించి కూడా చూసుకోలేదు. అప్పట్నుంచీ ఏ లెక్క చేసినా నమ్మకం లేదు సార్. కొట్టేసి ఇంకోటి రాస్తున్నా.”

మాస్టారు రెండో కాగితం తీశారు. అయిదు జవాబులు కొట్టేసి ఉన్నాయి. అందులో నాలుగు సరైనవి. కొట్టేసినవి కదా అని ఆయన అప్పుడు చూడలేదు.

“సంతకం సార్.”

“పెడతాను, అప్పటికీ కావాలంటే. ముందు మీ క్లాసుకి పద. నేనెక్కడ ఆపేశానో అందరికీ చెప్పాలి.”

“వద్దులెండి సార్, నవ్వుతారు.”

“నవ్వనీ,” అంటూ ఆయన లేచారు.