ఎర్ర జిగురు

రైఫిల్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే మేస్త్రీ ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో మొదటిసారి దొంగతనానికి పూనుకున్నాడు. రోజూ పని మొదలుపెట్టే ముందు దేవుడికి ఒక మాట చెప్పుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు చెప్పుకోలేదు. ఏమని చెప్పుకోవాలో తోచలేదు.

కాజేయదలచింది క్లబ్బులోకెల్లా ఖరీదైన రైఫిలు మీదున్న స్కోపుని. దూరంగా ఉన్న గురిని కంటి ముందుకు తెచ్చే జానెడు గొట్టం అది. మేస్త్రీ భార్యకి ఏడాదిగా ముందున్న మనిషే కనిపించడం లేదు. ఈ నెల దాటితే ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు డాక్టరు. ఇంట్లో అమ్ముకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

కెమెరాలూ కళ్ళద్దాలూ అమ్మే వ్యాపారి ఒకడు, అచ్చం అలాంటిదే ఒక నకిలీ స్కోపు ఇచ్చాడు.

"దీన్ని అక్కడ పెట్టి అసలుది పట్టుకురండి. ఎక్కడిదని నేనడగను. నకిలీవి రెండే తెప్పించాను. ఒకటి వెళ్ళిపోయింది, ఇదే ఆఖరుది."

మేస్త్రీ దాన్ని ఇంటికి తెచ్చాడు. భార్య చేత్తో తడిమి చూసింది.

"ఏమిటండీ ఇది?"

"క్లబ్బుది. రిపేరుకి తెచ్చాను."

"అంచున గరుగ్గా ఉంది. గోరుకి తగులుతోంది, చూసుకోండి."

మేస్త్రీకి ఏమీ కనిపించలేదు. చూపు తగ్గాక ఆమె వేళ్ళకి చాదస్తం ఎక్కువైందనుకున్నాడు.

స్కోపు విప్పడానికి సాకు వెతుక్కోనక్కర్లేదు. నెల రోజులుగా ఆ రైఫిలు గురి తప్పుతోందని సభ్యులు గొణుగుతున్నారు. పేల్చిన ప్రతిసారీ వచ్చే అదురుకి స్కోపుని పట్టి ఉంచే నాలుగు స్క్రూలు వదులవుతున్నాయని క్లబ్బు అధ్యక్షుడు అందరికీ చెబుతున్నాడు. ఆయనకి ఊగుతున్న సొంత పళ్ళ మీద కూడా అంత బెంగ లేదని సభ్యులు వెనక నవ్వుకునేవారు.

"బిగువుగానే ఉన్నాయండి. నేను చూశాను," అన్నాడు మేస్త్రీ.

"అయితే ఇంకా బిగించండి. విప్పొద్దు. స్క్రూలు వదలకుండా పైనుంచి ఇంకో చుక్క జిగురు వెయ్యండి, చాలు."

"పైనుంచి వేస్తే మరలోకి దిగదండి. విప్పి, నూనె తుడిచి, అప్పుడు..."

"మీరు విప్పీ విప్పీనే దానికీ గతి పట్టింది, మేస్త్రీ." అధ్యక్షుడు ఒక కొత్త పుస్తకం బల్లమీద పెట్టాడు. "ఇక నుంచి ఆ రైఫిలు ముట్టుకున్నప్పుడల్లా ఇందులో సంతకం పెట్టండి. రేపెవరైనా అడిగితే చూపించాలి కదా."

శనివారం మధ్యాహ్నం అధ్యక్షుడు భోజనానికి వెళ్ళగానే మేస్త్రీ గది తలుపు గడియ పెట్టి రైఫిలుని బల్ల మీద పడుకోబెట్టాడు.

స్క్రూలు కదల్లేదు.

మేస్త్రీ ఎప్పుడూ వేసేది నీలం జిగురు. అది అదురుకి వదలదు గానీ చేతి బలానికి లొంగుతుంది. ఎర్రది అలా కాదు, కాలిస్తే తప్ప వదలదు. అనుమానమొచ్చి సోల్డరింగ్ ఐరన్ కాల్చి ఒక్కో స్క్రూకీ వేడి తగిలించాడు. నాలుగూ ఎర్రటి పొడి రాల్చుకుంటూ బయటికొచ్చాయి.

నీలం వెయ్యబోయి ఎర్రది వేశానన్నమాట, అనుకున్నాడు. పోయినసారి బిగించినప్పుడు మనసంతా భార్య కళ్ళ మీదే ఉంది. దొంగతనం సంగతి కాసేపు మరిచిపోయి, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి చేసిన ఆ తప్పుకి సిగ్గుపడ్డాడు.

రెండు స్కోపుల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. నకిలీ చేసినవాడెవడో గానీ పనిమంతుడని మనసులోనే మెచ్చుకున్నాడు. కలిసిపోతాయేమోనని భయపడి, విప్పినదానికి ఒక దారం ముక్క కట్టాడు.

రెండోదాన్ని పద్ధతిగానే బిగించాడు. మరల్లో నూనె స్పిరిట్‌తో తుడిచి, తలో చుక్క నీలం జిగురు వేసి, ఈ మూల కాస్తా ఆ మూల కాస్తా తిప్పుతూ నాలుగింటినీ ఒకే బిగువుకి తెచ్చాడు. చేసేది దొంగతనమైనా పని పనే. అంతా అయ్యాక, అలవాటు కొద్దీ పుస్తకంలో సంతకం కూడా పెట్టాడు.

ఇంటికొచ్చి భార్యతో, "సోమవారం ఆసుపత్రికి వెళ్దాం," అన్నాడు.

ఆమె బల్ల మీద సంచీ తడిమింది. "ఈ గొట్టం ఇంకా బాగు కాలేదా?"

"అది వేరు, ఇది వేరు."

"అదే గరుకు కదండీ, అంచున."

"నీకన్నీ అనుమానాలే," అన్నాడు మేస్త్రీ.

ఆ సాయంత్రమే వ్యాపారి స్కోపుని చేతిలోకి తీసుకుని దారం విప్పాడు. అంచు చుట్టూ గోరుతో రాస్తూ ఒకచోట ఆగి, దాన్ని దీపం కిందికి జరిపాడు.

"మేస్త్రీగారూ, నా సరుకు మీద నేనో సన్నటి గీటు పెట్టుకుంటాను. తెప్పించిన రెండింటి మీదా పెట్టాను. మీకిచ్చింది ఏం చేశారు?"

"రైఫిలు మీద ఉంది. నా చేత్తోనే బిగించాను."

"అయితే ఇది మొదటిది."

మేస్త్రీ అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. "మొదటిది ఎవరు తీసుకెళ్ళారు?" అన్నాడు.

"పేరు నేనడగనండి. ఎవరో పెద్దమనిషి. ఆయన ఒక్కటే అడిగారు, బిగించాక ఆ స్క్రూలు ఇంకెవరూ విప్పకుండా ఏం చెయ్యాలని. ఎర్ర జిగురు కూడా నేనే ఇచ్చాను."