ఏడో ప్రశ్న

సాయంత్రం ఐదులోపు రెండు లక్షలు సర్దకపోతే ఆ రెండు గదుల అద్దె ఫ్లాటు ఇంకొకళ్లకు వెళ్లిపోతుంది. గోడ గడియారంలో అప్పటికే మూడున్నర.

వెరిఫికేషన్ క్లర్కు గడియారం చూసి, మళ్లీ ఫైళ్ల మీదికి వంగింది. ఇళ్లకు లోన్లిచ్చే ఆఫీసు అది. అక్కడ పనిచేస్తూ డిపాజిట్టుకు అప్పు పుట్టక ఊరంతా తిరగడమంటే, వంటమనిషి పస్తులున్నట్టే.

అడగదగ్గ వాళ్లందరినీ అడిగింది. ఆఫీసు సొసైటీ పాత బాకీ చూపించింది. స్నేహితురాలు మా ఆయన్నడిగి చెబుతానంది, ఆ తర్వాత ఫోనెత్తడం మానేసింది. ఇంకొకరైతే "ఉంటే నీకివ్వక ఎవరికిస్తానే" అని కళ్లు కూడా తుడుచుకున్నారు. పాపం, లేనివాళ్లను ఏమనగలం? ఆమే ఎదురు ఓదార్చి వచ్చింది.

ఇంటాయన నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నాడు. ఉండేది తల్లీకూతుళ్లిద్దరే, ఒక్కటే గది. పిల్ల పదో తరగతి. మంచానికీ కుట్టుమిషనుకూ మధ్య కూర్చుని చదువుతుంది. ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు ఆ పిల్ల రెండో గదిలోకి వెళ్లి, తలుపు వేసుకుని, మళ్లీ తీసింది. ఎలా ఉందే అంటే, "తలుపుందమ్మా" అంది. ఆ మాట తల్లిని పది రోజులుగా నిద్రపోనివ్వడం లేదు.

ఆఖరి ఫైలు తెరిచింది. కొనేవాడి ఫొటో, జీతం చీటీ, వెనక కానుక కాగితం. రోజూ ఆమె చేసేది ఆ కాగితంతోనే. ఇల్లు కొనేవాళ్లు ముందుగా కట్టే డిపాజిట్టు అప్పు తెచ్చింది కాకూడదని ఆఫీసు రూలు. ఇంట్లోవాళ్లెవరైనా ఇస్తే, ఇది కానుక, తిరిగి అడగను అని సంతకం పెట్టాలి. అది నిజమో, ఉత్తుత్తి సంతకమో ఈమె ఫోన్ చేసి ఏడు ప్రశ్నలడిగి తేలుస్తుంది. అందుకే ఆఫీసులో ఆమెకు యక్షప్రశ్నల మేడమ్ అని పేరు.

ఇచ్చేవాళ్ల పేరు చూసింది. అంకె చూసింది. తొమ్మిది లక్షలు. తనకు కావాల్సింది రెండు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒళ్లంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది.

పక్క సీటతను గమనించాడు. మొహం పీక్కుపోయింది మేడమ్, ఆ ఫైలు ఇటివ్వండి, నేను కానిచ్చేస్తానన్నాడు. వద్దంది.

రెండో రింగుకే ఎత్తారు. లోన్ ఆఫీసు నుంచని, మాటలు రికార్డవుతాయని రోజూ చెప్పేదే చెప్పింది. అవతల నుంచి కుళాయి నీళ్ల చప్పుడొక్కటే వచ్చింది.

"వినపడుతోందా అండీ?"

"వినపడుతోంది," అన్నాడు పెద్దాయన. "అడగండి."

పేరు. పుట్టిన తేదీ. ఆయన చెప్పేలోపే ఆమె రాసేసింది. ఫైల్లో ఉన్నదేగా. మూడోది, డబ్బు ఎక్కడిది? ముప్పైనాలుగేళ్లు బస్సు నడిపాననీ, రిటైరయినప్పుడు వచ్చింది ముట్టుకోకుండా దాచాననీ చెప్పాడు. నాలుగు, ఎవరికిస్తున్నారు? కొడుక్కి. ఐదు, తిరిగి అడుగుతారా? అడగను. జవాబు జవాబుకీ ఆయన గొంతు కిందికి దిగుతోంది. ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేవాళ్ల గొంతు అలాగే ఉంటుందని ఆమెకు అలవాటే.

ఆరు. ఈ డబ్బు మీద ఇంకెవరికైనా మాటిచ్చారా?

"మాటివ్వలేదు. ఒకళ్లు అప్పడిగారు. చిల్లిగవ్వ లేదని చెప్పాను."

ఇక్కడ ఏడో ప్రశ్నకు వెళ్లాలి. ఆమె వెళ్లలేదు. పదకొండేళ్ల ఉద్యోగంలో మొదటిసారి కాగితంలో లేని ప్రశ్న అడిగింది.

"ఎందుకలా చెప్పారు?"

"మావాడు మెతకండీ. నిలదొక్కుకోలేడు. ఆ అడిగినవాళ్లు గట్టివాళ్లు. ఎలాగో నెట్టుకొస్తారు."

ఆ జవాబు రాయడానికి కాగితంలో గడి లేదు. బల్ల మీద ఆమె సొంత ఫోన్ వెలిగింది. ఫ్లాటు బ్రోకరు. తీసి బోర్లా పెట్టింది.

ఏడు. సగం ఫైళ్లు ఆగిపోయేది ఇక్కడే. వేరే సంతానం ఉన్నారా, ఉంటే ఈ కానుకకు వాళ్లకేమైనా అభ్యంతరం ఉందా? ఉందని ఒక్క టిక్కు పడిందంటే ఫైలు వెనక్కి పోతుంది. డబ్బు కదలదు, పెద్దాయన దగ్గరే ఉంటుంది.

అవతల ఎవరో కుళాయి కట్టేశారు. నీళ్ల చప్పుడు ఆగింది.

"ఒక కూతురుంది," అన్నాడాయన. "దానికి చెప్పలేదు. చెప్పే మొహం లేదు నాకు. మీరే అడిగి రాసుకోండమ్మా."

అలాంటప్పుడు నంబరు తీసుకుని, ఆ కూతురితో మాట్లాడాకే రాయాలి. అదీ పద్ధతి. ఆమె నంబరు అడగలేదు. ఉంది, లేదు అన్న రెండు గళ్ల మధ్య పెన్ను కాసేపు నిలబడింది. తర్వాత కుడివైపు గడిలో టిక్కు పెట్టింది.

"అడిగాను నాన్నా, అభ్యంతరం లేదట," అని ఫోన్ పెట్టేసింది.