ఐదు శ్రుతి బ్రహ్మయ్య

“ఏందే ఆ డబ్బా? పిల్లలాడుకునే గేమా?”

రాజు వేషంలో ఉన్న బ్రహ్మయ్య కిరీటం చంకన పెట్టుకుని వంగి చూశాడు.

“లినక్స్ కంప్యూటర్, పెదనాన్నా. అరచేతిలో పట్టేది,” అంది సింధు. కీబోర్డు నుంచి వచ్చే వైరు దానికి గుచ్చింది. దాన్నుంచి ఇంకో వైరు మైకు సెట్టుకు లాగింది. “నేను కీబోర్డు మెట్లు నొక్కుతా. శబ్దం దీంట్లోంచి వస్తది. అచ్చం హార్మోనియమే.”

“ఏదైనా తగలెట్టు. శ్రుతి మాత్రం ఐదు. తెలిసిందా?”

తెలియనిదెవరికి? మాచర్ల నుంచి నరసరావుపేట దాకా పద్యనాటకం చూసేవాళ్లకు ఆయన ‘ఐదు శ్రుతి బ్రహ్మయ్య’. నలభై ఏళ్లుగా అంత హెచ్చు శ్రుతిలోనే పాడాడు. పోయిన నెల మాచర్లలో పైస్థాయికి పోయేసరికి గొంతు చీలింది. జనం నవ్వారు. “నరసరావుపేటలో కూడా చీలితే ఇక ముఖానికి రంగు పూయను,” అని ఆ రోజే చెప్పేశాడు. ఆ నరసరావుపేట నాటకం ఈ మధ్యాహ్నమే.

శ్రుతి దించుదామని ట్రూపంతా ఉండగా సింధు అంటే కొట్టబోయాడు. కీబోర్డులోనే దించొచ్చు, కానీ దించితే దాని తెర మీద సున్నా పోయి వేరే అంకె వెలుగుతుంది. ఆ అంకె చూడకుండా ఆయన పద్యం ఎత్తడు. అందుకే సింధు వారం కూర్చుని ఈ పని నేర్చుకుంది. వేలు ఐదు మీదే ఉంటుంది. కంప్యూటర్ దాన్ని నాలుగు చేసి పలికిస్తుంది. దాని తెర ఆమె వైపే ఉంటుంది.

సింధు మెట్టు నొక్కి శ్రుతి ఇచ్చింది. తబలా శ్రుతి చేయబోయిన షాకిర్ సుత్తి ఎత్తి ఆగాడు.

“అమ్మాయ్, నీ వేలు ఐదు మీదుంది. నా చెవికి నాలుగు వినపడతందేంది?” అన్నాడు మెల్లగా.

సింధు రెండు చేతులూ జోడించింది. షాకిర్ బ్రహ్మయ్య వైపు చూశాడు. ఇంకేమీ అడక్కుండా తబలా శ్రుతి కూడా నాలుగుకు దించడం మొదలుపెట్టాడు.

“ఏందిరా షాకిర్, ఇవాళ ఇంతసేపు కొడతన్నావ్?”

“ఎండకి చర్మం బిగిసింది అన్నా.”

“నీదా, తబలాదా?”

తెర లేచింది. బ్రహ్మయ్య ఓరగా చూశాడు. సింధు వేలు ఐదు మీద. కీబోర్డు తెర మీద సున్నా. తలాడించి పద్యం అందుకున్నాడు.

పైస్థాయి వచ్చింది. గొంతు చీలలేదు. రాగం పైన నిలిచింది, తిరిగింది, దిగింది. వెనక వరసలోంచి ఎవరో “వన్స్‌మోర్!” అని అరిచారు. మళ్లీ పాడాడు. మళ్లీ నిలిచింది.

నాటకం అయ్యాక రాణి వేషం వేసిన శేషారత్నం ముక్కున వేలేసుకుంది.

“ఈ వయసులో ఐదేంది బాబాయ్!”

“ఐదే! కావాలంటే ఈ పిల్లనడుగు, వేలెక్కడ పెట్టిందో.”

“ఐదు మీదే,” అంది సింధు. షాకిర్‌కు దగ్గొచ్చింది.

“రేపు నకరికల్లులో కూడా ఐదే!” అని బ్రహ్మయ్య అందరికీ వినపడేలా చెప్పాడు.

అంతా టీకి వెళ్లారు. సింధు వైర్లు చుడుతోంది. బ్రహ్మయ్య కొబ్బరి నూనెతో రంగు తుడుచుకుని, వాకిలి వైపు ఒకసారి చూసి, ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు.

“రేపు ఇంకో మెట్టు దించమ్మా.”