ఇరవై నాలుగు వందల మీటర్లు

“ఈసారీ పన్నెండు వందల మీటర్ల పందేనికే పేరిస్తానండి,” అన్నారు దొరబాబు, హైదరాబాదులోని ట్రైనరుకి ఫోను కలపబోతూ.

విశ్రాంతికని ఆయన కొబ్బరితోటకి తెచ్చిన రేసుగుర్రాన్ని పరీక్ష చేస్తున్న పశువుల డాక్టరు శారోన్ తలెత్తింది.

“వద్దండి. ఇరవై నాలుగు వందలకివ్వండి.”

“పన్నెండు వందలకే నాలుగుసార్లు వెనకబడింది. రెట్టింపు దూరం పరిగెడుతుందా?”

“మీరు చూపించిన పందెం వీడియోలో, ముగింపు గీత దాటేక దీన్ని ఆపడానికి జాకీ నానా తిప్పలూ పడ్డాడండి. పొద్దున్న ఏటిగట్టు మీద అంతసేపు పరిగెత్తించినా ఐదు నిమిషాల్లో ఊపిరి సర్దుకుంది. మిగతావి అలిసిపోయే వేళకి ఇది పరుగందుకుంటోంది. మీరు చిన్న పందెంలో దింపి గుర్రాన్ని తిడుతున్నారు.”

దొరబాబు మొహం ఎర్రబడింది.

“మూడు తరాల నుంచీ గుర్రాలున్న ఇల్లండి మాది. మాకే చెబుతున్నారా?”

“ఆయ్. గుర్రాల సంగతి మాకూ మూడు తరాల నుంచీ తెలుసండి.”

ఆయన పెద్దగా నవ్వేరు. “మీకు గుర్రం ఎక్కడిదమ్మా?”

శారోన్ స్టెతస్కోపు మడిచి సంచీలో పెట్టుకుంది.

“మాకు లేదండి. మీ తాతగారు గుర్రమెక్కి ఐనవిల్లి నుంచి అమలాపురం కోర్టుకెళ్తుంటే, దానికి వెయ్యాల్సిన గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని వెనకాలే పరిగెత్తింది మా తాతయ్యండి. ఫోను కలపండి. ఇరవై నాలుగు వందలని చెప్పండి. గుర్రం ఎక్కడ అలుస్తుందో పైన కూర్చున్నవాళ్ళకి తెలీదండి.”